రాణి కంచె దాటకుండా

మలక్‌పేట రేసుకోర్సులో పరుగులు మానేసిన రాణిని మా మేనమామ చేవెళ్ల దగ్గరి పొలానికి తెచ్చుకున్నాడు. థారోబ్రెడ్ ఆడగుర్రం, దగ్గర దగ్గర 450 కిలోల బరువు. పొలం చుట్టూ రాతి కడీలకు ముళ్లతీగ ఉండేది. అంతకుముందు సాగు చేసినవాళ్లు మేకలు రాకుండా వేయించిన కంచె అది.

వానాకాలంలో ఒకనాడు తెల్లవారకముందే పక్క పొలం రైతు ఫోను చేశాడు. "అన్నా, మీ గుర్రం రోడ్డు మీదికొచ్చింది. జల్ది రాండ్రి!" బీజాపూర్ రోడ్డు, రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు. లారీలు ఆగి ఉన్నాయి. రాణి ఒక చెట్టు మొదట్లో ఒళ్లంతా వణుకుతూ నిలబడింది. ఛాతీ మీద తోలు చీరుకుపోయి వేలాడుతోంది. జనం చుట్టుముట్టబోతే గుర్రాన్ని చూసుకునే మా సైసు అందర్నీ ఆపాడు. దాణా బకెట్ గలగలలాడిస్తూ, దాని కళ్లలోకి చూడకుండా పక్కగా నడుచుకుంటూ వెళ్లి మెడ మీద చెయ్యి వేశాడు. డాక్టరు కుట్లు వేసి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చాడు. గుర్రాలకు ఆ జబ్బు ఇట్టే వస్తుంది. వెనక్కి వస్తుంటే ముళ్లకు చిక్కుకున్న దాని వెంట్రుకలు కనిపించాయి. గుర్రం దాదాపు చుట్టూ చూడగలదు గాని, పరుగులో ఉంటే సన్నని తీగ దాని కంటికి ఆనదు.

గాయం మానాక కూడా రాణి ఆగలేదు. ఓసారి పొద్దున నా కళ్ల ముందే పై పెదవితో గేటు గడియ ఎత్తి, పక్కకు జరిపి, నింపాదిగా బయటికి నడిచింది. ఎప్పుడు తప్పించుకున్నా ఒకే దిక్కుకు పోయేది. అటువైపు బారాత్ గుర్రాలు కట్టేసే షెడ్డు ఉంది. "గడ్డి కోసం పోతలేదు బిడ్డా, తోడు కోసం పోతున్నది," అన్నాడు సైసు. గుర్రం మందలో బతికే జీవం. ఒంటరిగా ఉంచితే దానికి భయం.

మామయ్య ముందుగా ఒక ముసలి పోనీని తెచ్చి రాణికి జత చేశాడు. పగలంతా నోరాడేలా ఎండుగడ్డి వేయించాడు. ముళ్లతీగ మొత్తం పీకించి, అవే కడీలకు ఇన్సులేటర్లు బిగించి, తెల్లటి వెడల్పాటి టేపు మూడు వరసలు లాగించాడు. పై వరస 5 అడుగుల ఎత్తున ఉంటుంది. దానికి సోలార్ ఝట్కా మిషన్ పెట్టాం. సెకనుకో దెబ్బ చొప్పున కొడుతుంది. నొప్పి పుడుతుందే గాని ప్రాణం తీయదు. సైసు రాణిని పగ్గం పట్టుకుని టేపు వెంబడి తిప్పి చూపించాడు. అది ముక్కు ఆనించి, ఒక్క ఎగురు ఎగిరి వెనక్కి వచ్చింది. గేటు గడియకు కింది వైపున, దాని మూతి అందని చోట, స్ప్రింగు కొక్కెం తగిలించాం.

వానలకు పెరిగిన గడ్డి టేపుకు తగిలితే కరెంటు నేలలోకి పోతుంది కాబట్టి దాన్ని కోస్తూనే ఉండాలి. ఎండాకాలంలో మా ఎర్రనేల ఎండిపోతే ఎర్త్ పని చేయదు, నేలలో దించిన ఎర్త్ కడ్డీల దగ్గర నీళ్లు పోయాలి. ఈ రెండు పనులూ సైసు ఎన్నడూ మరవలేదు.

ఇదంతా ఎందుకు, మోటారు కరెంటే తీగకు ఇచ్చేయమని ఊళ్లో కొందరన్నారు. మామయ్య ససేమిరా అన్నాడు. అడవిపందుల కోసం అలా పెట్టిన తీగలకు మన జిల్లాల్లో రైతులే బలయ్యారు. అది నేరం కూడా.

తర్వాత ఒకసారి బ్యాటరీ చెడిపోయి టేపులో కరెంటు లేదు. అయినా రాణి పోనీ పక్కనే మేస్తూ ఉండిపోయింది. అందుకే గుర్రాన్ని సాకేవాళ్లను నేను కోరేది ఒక్కటే: ముందు దానికి తోడూ మేతా చూడండి, తర్వాత దాని కంటికి ఆనే కంచె కట్టండి. ముళ్లతీగ ఉంటే ఈ రోజే తీసేయండి.