కుక్కపిల్లకూ ఒక గది



పరీక్షలు దగ్గరపడితే చాలు, పిల్లల కోరికల జాబితా మొదలవుతుంది. అందులో ఒకటి మీరూ వినే ఉంటారు: "అమ్మా, ఈ సెలవుల్లో కుక్కపిల్లను తెచ్చుకుందాం!" మీ ఇంట్లో ఇప్పుడు అదే మాట నడుస్తుంటే ఈ నాలుగు ముక్కలూ మీ కోసమే.

మా అమ్మాయి ఆరో తరగతి. రెండేళ్లుగా అడుగుతోంది. విజయవాడలో మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నేను బ్యాంకులో, మావారు ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాం. పగలంతా ఇంట్లో ఉండేది మా అత్తయ్యగారు ఒక్కరే. చివరికి రెండు నెలల దేశీ కుక్కపిల్లను తెచ్చుకుందామని నిర్ణయించుకున్నాం. దానికి వారం ముందే ఇనుప క్రేట్ ఇంటికి వచ్చింది.

అత్తయ్యగారు దాన్ని చూసి, "పాలు మరవని పసికూనను బోనులో పెడతారా? పాపం తగలదూ?" అన్నారు.

ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. మన భాషలో బోను అంటే ఎలుకను పట్టేది, సర్కస్‌లో సింహాన్ని ఉంచేది, కోర్టులో ముద్దాయిని నిలబెట్టేది. ఆ మూడింటిలో ఏదీ ప్రేమతో కట్టింది కాదు. చట్టం కూడా కొంతవరకు అత్తయ్యగారి పక్షమే. జంతువులపై క్రూరత్వ నివారణకు 1960లో వచ్చిన చట్టంలో 11వ సెక్షన్ ఉంది. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం దాని ప్రకారం నేరం.

మరి క్రేట్ ఎందుకు? కుక్కపిల్ల పడుకునే తీరు గమనించండి. ఇల్లంతా ఖాళీగా ఉన్నా అది వెళ్లి మంచం కిందో, బల్ల కిందో దూరుతుంది. మూడు వైపులా మూసి, పైన కప్పు ఉన్న చోటు దానికి ధైర్యం. ఈ వయసులో రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్రపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ నిద్ర దొరకడం కష్టం. నిద్ర చాలని కుక్కపిల్ల, నిద్ర చాలని పసిపిల్లలాగే పేచీ పెడుతుంది, ఎక్కువగా కరుస్తుంది. ఫోను ఛార్జరు వైరు నోట పెట్టకుండా కాపాడుకోవడం ఇంకో అవసరం. అన్నిటికంటే ముఖ్యం, తాను పడుకునే చోటును తడుపుకోవడం కుక్కకు ఇష్టం ఉండదు. బయటికి వెళ్లేదాకా ఆపుకోవడం అలా అలవాటవుతుంది.

కానీ ఎంతసేపు ఆపుకోగలదు? ఇక్కడే అసలు లెక్క ఉంది. కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలే పగటిపూట గరిష్ఠం అని సుమారుగా చెబుతారు. రెండు నెలల పిల్లకు మహా అయితే మూడు గంటలు. మేం తొమ్మిదింటికి వెళ్లి ఆరింటికి వస్తాం. అంటే తొమ్మిది గంటలు. క్రేట్ ఎంత మంచిదైనా ఆ తొమ్మిది గంటలు దాన్ని అందులో ఉంచితే అది నిజంగా బోనే.

ఈ లెక్క అత్తయ్యగారి ముందు పెట్టాం. ఆవిడ కాదంటే కుక్కపిల్ల వద్దని మా అమ్మాయికి చెప్పేద్దామని మేమిద్దరం ముందే అనుకున్నాం. ఆవిడ వేళ్లు మడిచి, "పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకి, మూడింటికి. ఆ తర్వాత పాప వచ్చేస్తుంది. అంతేగా?" అన్నారు.

"మీకు కష్టం కాదా అత్తయ్యా?"

"నేను తియ్యకపోతే తలుపు ఎవరు తీస్తారే, గోడలా?"

అలా వచ్చింది సున్నుండ. ఒంటి రంగు చూసి మా అమ్మాయి పెట్టిన పేరు అది.

మేం పాటించిన పద్ధతి ఇది. కుక్క పెద్దయ్యాక అందులో లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. ఆ కొలతకే క్రేట్ కొన్నాం. చిన్నప్పుడే అంత చోటు ఇస్తే ఒక మూలను పడకగా, ఇంకో మూలను మరుగుదొడ్డిగా చేసుకుంటుంది. అందుకని మధ్యలో అడ్డు పలక పెట్టి, పెరిగేకొద్దీ జరిపాం. లోపల పాత నూలు చీర మడత. క్రేట్‌లో ఉన్నప్పుడు మెడపట్టీ తీసేయాలి, ఊచలకు తగులుకుంటే ప్రమాదం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ చల్లబడుతుంది. కాబట్టి మన ఎండల్లో క్రేట్ బాల్కనీలో పెట్టకండి. ఫ్యాను గాలి తగిలే చోట, నీళ్ల గిన్నెతో పెట్టండి.

మొదటి రెండు రోజులు తలుపు మూయనేలేదు. అన్నం గిన్నెను గుమ్మం దగ్గర, తర్వాత కాస్త లోపల, ఆ తర్వాత చివరన పెట్టాం. మూడో రోజు తింటున్నంతసేపు తలుపు మూసి, తినగానే తీశాం. తర్వాత ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట. ఈ సమయాలన్నీ మా అమ్మాయి తన నోటుబుక్కులో రాసింది. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక వెంటనే బయటికి తీసుకెళ్లడం కూడా తన పనే. టీకాల వరస పూర్తయ్యేదాకా వీధిలోకి కాకుండా డాబా మీదికే.

రాత్రి క్రేట్ మా మంచం పక్కనే. మూడో రాత్రి రెండింటికి ఒకటే ఏడుపు. "తీసెయ్యండర్రా దాన్ని!" అంటూ అత్తయ్యగారు లేచి వచ్చారు. కుక్కపిల్లను ఏడ్చి ఏడ్చి ఊరుకోనివ్వడం పద్ధతి కాదు. అవసరానికి ఏడుస్తుంటే బయటికి తీసుకెళ్లాలి. కానీ పెద్ద దీపం వేయకుండా, ఆటలూ ముద్దులూ లేకుండా, పని కాగానే తిరిగి పడుకోబెట్టాలి. అలాగే చేశాం. పడుకున్నాక కాసేపు ఊచల దగ్గర నా వేళ్లు ఉంచాను. వాసన చూసి నిద్రపోయింది.

పిల్లలకు మాత్రం రెండే నియమాలు పెట్టాం. ఒకటి, క్రేట్ శిక్ష కాదు. సున్నుండ సైన్సు రికార్డు కొరికిన రోజు మా అమ్మాయి కోపంగా "పో, క్రేట్‌లోకి పో!" అనబోయింది. తిట్టి పంపిన చోటికి రేపు అది ఇష్టంగా ఎలా వెళ్తుందని అడిగాను. కాసేపు ఆలోచించి, రికార్డును తీసి అలమరాలో పెట్టుకుంది. రెండు, సున్నుండ లోపల ఉన్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టకూడదు, బయటికి లాగకూడదు. నిద్రలో ఉలిక్కిపడిన కుక్క కరవడానికి అవకాశం ఎక్కువ.

దసరాకు మా ఆడపడుచు కొడుకు వచ్చాడు, వాడికి అయిదేళ్లు. నిద్రపోతున్న సున్నుండను లాగబోతే మా అమ్మాయి అడ్డంగా కూర్చుంది. "అది దాని గది. అదే వస్తుంది, ఆగు" అంది. వాడు పావుగంట నేలమీద కూర్చున్నాడు. అయిదేళ్ల పిల్లాడికి అది చాలా పెద్ద సమయం. సున్నుండ లేచి, ఒళ్లు విరుచుకుని, తనంతట తనే వాడి ఒళ్లోకి వచ్చింది.

ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. పగలు క్రేట్ తలుపు తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం అత్తయ్యగారు టీవీ పెట్టుకోగానే లోపలికి వెళ్లి పడుకుంటుంది. ఆవిడ ఇప్పటికీ దాన్ని క్రేట్ అనరు, "సున్నుండ గది" అంటారు.

కాబట్టి, మీ అబ్బాయికో అమ్మాయికో మాట ఇచ్చే ముందు ఒక కాగితం తీసుకోండి. ఉదయం నుంచి సాయంత్రం దాకా ప్రతి గంటకూ ఇంట్లో ఎవరుంటారో పిల్లల చేతే రాయించండి. మూడు గంటలకోసారి తలుపు తీసే మనిషి ఆ కాగితంలో కనిపిస్తే నిశ్చింతగా తెచ్చుకోండి. కనిపించకపోతే కుక్కపిల్లను వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. ఎందుకు వాయిదా వేశారో ఆ కాగితం చూపించే చెప్పండి. మన పిల్లలకు అర్థమవుతుంది.