అరుసుకోవడం

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి ప్రొక్లెయిన్ బండ్ల గొడవ దేనికండీ అని మీరు అడగవచ్చు. నా శ్రీమతి కూడా అదే అడిగింది. కాని ఆ బండి మీద నాకు తెలిసినంత, మా కాలేజీలో వ్యాకరణం మీద కూడా నాకు తెలియదేమోనని ఒక్కొక్కప్పుడు అనుమానం కలుగుతూ ఉంటుంది. ఆ చదువుకు ఫీజు గట్టిగానే కట్టాను. అసలు ఫీజు మరొకడు కట్టాడు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మాది జనగామ దగ్గర ఒక పల్లె. పోతన పుట్టిన బమ్మెర మాకు పెద్ద దూరం కాదు. మా నాన్నకు ఎడ్లబండి ఉండేది. ఊరు దాటి వెళ్లవలసి వస్తే ముందు రోజు రాత్రే ఇరుసుకు కందెన పెట్టేవాడు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఒక కొమ్ము గొట్టంలో పోసి ఉంచేవాడు. "చప్పుడు వస్తలేదు గదా నాన్నా, ఇప్పుడెందుకు?" అని నేనడిగితే, "చప్పుడొచ్చినంక పెట్టేది కందెన కాదురా, మందు" అనేవాడు. సుమతీ శతకకారుడు కరణాల సంగతి చెబుతూ ఈ కందెననే ఉపమానంగా తెచ్చుకున్నాడు. ఆ పద్యం ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. చెప్పడం వేరు, బుర్రకెక్కడం వేరు సుమా!

2016లో మా తమ్ముడు పాత ప్రొక్లెయిన్ ఒకటి కొన్నాడు. అవి మిషన్ కాకతీయ పనుల రోజులు. 2015 మార్చిలో ఆ పథకం మొదలైంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులూ కుంటలూ బాగుచేయాలని సంకల్పం. వేసవి వచ్చిందంటే ఏ చెరువులో చూసినా పూడిక తీసే బండ్లే. తమ్ముడి ఉత్సాహం చూసి నేను బ్యాంకులో జామీను పడ్డాను. చాలని సొమ్ముకు మా అమ్మాయి పేర దాచిన డబ్బు తీసి ఇచ్చాను. అప్పటికి జనగామ, నేను పనిచేసే మహబూబాబాదు, మా అక్కావాళ్లుండే భూపాలపల్లి - మూడూ వరంగల్లు జిల్లాలోవే. ఆ అక్టోబరులో మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యాయి. మహబూబాబాదును మా వైపు వాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు.

బండికి గంటకు 1,200 రూపాయల కిరాయి. ఎండాకాలం రోజుకు పది గంటలు నడిచేది. ఆపరేటరు ముందర గంటలు లెక్కపెట్టే మీటరొకటి ఉంటుంది. కారుకు మైళ్లు ఎలాగో ఈ బండికి గంటలు అలాగు. ఆ అంకె పెరుగుతుంటే మా ఇంట్లో అందరికీ ఆనందమే. ఆ అంకెకు మరో అర్థం కూడా ఉందని, ఇన్ని గంటలకు ఇంజను నూనె మార్చాలని, ఇన్ని గంటలకు వడపోతలు మార్చాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాన్ని మా మరదలు పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. దసరాకు బండికి కుంకుమబొట్టు, గుమ్మడికాయ, నిమ్మకాయలు. భక్తికి లోటు చేయలేదు.

2017 వేసవిలో ఒక ఆదివారం పని చూడడానికి వెళ్లాను. బూమును ఎత్తే సిలిండరు దగ్గర రబ్బరు పైపు చెమ్మగిల్లి ఉంది. నూనె బొట్లు బొట్లుగా కారుతోంది. తమ్ముడు నా దగ్గరకు వచ్చి, "అన్నా, రేపొక్కరోజు బండి ఆపి వరంగల్లు నుంచి కొత్త పైపు తెప్పిస్త" అన్నాడు.

ఆ వారంలో బ్యాంకు కిస్తీ ఉంది. "కారినంత పోస్తున్నరు గదరా. కిస్తీ కట్టినంక ఆపు. వారమే గదా" అన్నాను.

ఈ మాట అన్నది ఆపరేటరు కాదు, తమ్ముడు కాదు. ఎమ్మే చదివిన నేను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ పైపు పగిలింది. అలాంటి పైపుల్లో నూనె చదరపు అంగుళానికి 4,000 పౌన్లకు పైబడిన ఒత్తిడితో నడుస్తుంది. లారీ చక్రంలో గాలి 100 పౌన్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, పోల్చి చూసుకోండి. బూమును పైకి పట్టి ఉంచేది ఆ నూనే. అది ఒక్కసారిగా బయటికి చిమ్మితే ఇనుప చెయ్యి నిలబడదు. బకెట్టుతో సహా కింద పడింది. పళ్లలో ఇరుక్కున్న రాయి తీయడానికి వచ్చిన హెల్పరు పిల్లవాడు వెనక్కి దూకాడు గాని, ఎడమకాలు బయటపడలేదు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. వాడికి ఇరవై ఏళ్లు. ఇంట్లో సంపాదించేవాడు వాడొక్కడే.

ఆస్పత్రిలో వాడి తల్లి నన్ను చూసి, "సారూ, మీరు పెద్ద చదువులు చదివినోళ్లు, మా పిలగానికి కాలొస్తదా చెప్పుండ్రి" అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాము. వాడు కోలుకునేదాకా నెల జీతం ఇంటికి పంపాము. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అప్పు తీర్చడాన్ని దానమని ఎవరంటారు?

పైపుతో పాటు సిలిండరు కడ్డీ వంగింది. తీరా విప్పి చూస్తే ఇంజను లోపల కూడా అరుగుదల కనిపించింది. 23 రోజులు బండి కదలలేదు. 

ఆ రోజుల్లోనే నేనూ తమ్ముడూ భూపాలపల్లి వెళ్లాము. మా బావ సింగరేణిలో, ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆ సంస్థ 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తీయడం మొదలుపెట్టింది. భూపాలపల్లి గనులకు కాకతీయ ఖని అని పేరు. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లు తిరుగుతాయి. వాటి చక్రం పక్కన నిలబడితే మనిషి గడపలో నిలబడ్డ పిల్లవాడిలా కనిపిస్తాడు.

బావ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అన్నం పెట్టించి, తరవాత కాగితం మీద లెక్క వేశాడు.

"250 గంటలకోసారి నూనె మార్చాలంటే మీకు 25 రోజులకోసారి. అర్ధదినం పని. ఐదు గంటలు, 6,000 పోయినయి అనుకో. ఇప్పుడు 23 దినాలాయె. దినానికి 12,000. రెండు లక్షల డెబ్బై ఆరు వేలు. రిపేరు ఖర్సు ఇంకా కలపలే. పిలగాని కాలుకు ఎంత వేద్దాం బావా?"

నేను తల ఎత్తలేదు.

బావ చెప్పినవి చాలా ఉన్నాయి. మీ ఇంట్లో బండి లేకపోయినా వినదగ్గవే కనుక కొన్ని చెబుతాను. పని మొదలుపెట్టకముందు ఆపరేటరు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయాలి. నూనె, నీళ్లు, పైపులు, చైను బిగువు, పళ్లు, పగుళ్లు చూసుకోవాలి. కదిలే ప్రతి కీలుకూ పుస్తకంలో ఉన్న వేళకు గ్రీజు పట్టించాలి. డీజిలు వడపోత అడుగున చేరిన నీళ్లు వదలాలి. కారుతున్న పైపును చేత్తో తడమకూడదు. సూదిమొన అంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. పాత నూనెను పారబోసేముందు సీసాడు తీసి ప్రయోగశాలకు పంపితే, అందులో ఏ లోహం ఎంతుందో చెబుతారు. ఇనుము ఎక్కువైతే ఒక భాగం, రాగి ఎక్కువైతే మరొక భాగం అరుగుతున్నట్టు. ఇసుక కనిపిస్తే గాలి వడపోత దుమ్మును లోపలికి వదిలినట్టు. "డాక్టరు నెత్తురు పరీక్ష చేయించినట్టే. మనిషైతే నొప్పి ఉన్నదని చెప్తడు, బండి చెప్పదు" అన్నాడు బావ.

"మరి ఎన్నడు ఆపాల్నో ఎట్ల తెలుస్తది బావా?" అన్నాడు తమ్ముడు.

"చెడిపోయినప్పుడు అది ఆగుతది. బాగున్నప్పుడు మనం ఆపాలె. గంతే తేడా. బండిని అర్సుకోవాలెరా."

ఈ మాట దగ్గర నాలోని తెలుగు పంతులు ఉలిక్కిపడ్డాడు. మరమ్మతు అనేది చెడ్డ తరవాతి మాట. సర్వీసింగు అరువు తెచ్చుకున్నది. నిర్వహణ అంటే ఆఫీసు కాగితాల వాసన వేస్తుంది. అర్సుకొనుడు! మా ఊళ్లలో బాలింతరాలిని అర్సుకుంటారు, వయసు మళ్లినవాళ్లను అర్సుకుంటారు. పెద్ద కవులు వాడిన అరయు అన్న క్రియే అది. చూడడమూ, విచారించడమూ, ఆలనాపాలనా అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. నిఘంటువుల్లో వెతకవలసిన మాట వర్క్‌షాపులో దొరికింది.

మర్నాడు బావ మమ్మల్ని గణపురం చెరువు కట్ట మీదికి తీసుకువెళ్లాడు. గణపతిదేవుడి కాలం నాటిది, అంటే సుమారు ఎనిమిది వందల ఏళ్లు. చెరువు తవ్వించినవారి పేర్లు శాసనాలకెక్కాయి. ఏటేటా తూము అర్సుకున్న నీరటికాడి పేరు, గండి పడకముందే కట్ట మీద తట్టెడు మన్ను పోసిన కూలి పేరు ఏ రాతి మీదా లేవు. అయినా నీళ్లు నిలిచింది ఇన్నేళ్లూ వాళ్ల వల్లనే. ఆ కాలపు పాలకులకు ఈ సంగతి తెలుసు. అందుకే చెరువు బాగోగుల కోసం దశబంధం అని మాన్యం భూములు కేటాయించే పద్ధతి పెట్టారు. కట్టడానికి సొమ్ము ఒక్కసారి కావాలి, కాపాడడానికి ఏటా కావాలి. మా తమ్ముడి బండికి దశబంధం లేదు. ఉన్నదంతా కిస్తీయే.

తిరిగి వచ్చాక తమ్ముడికి భయం పట్టుకుంది. వారం వారం ఇంజను మూత తీసి చూడడం మొదలుపెట్టాడు. బావకు తెలిసి ఈసారి నిజంగానే కోప్పడ్డాడు. "ఊకె తెరిస్తే దుమ్ము పోతది, బోల్టులు వదులైతయి. పుస్తకం ఎన్ని గంటలంటే అన్ని గంటలకే!" ఆ మాటకు సాక్ష్యం తరవాత నాకొక పుస్తకంలో దొరికింది. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను వేటాడే బ్రిటిషు విమానాల లెక్కలను వాడింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించాడు. 50 గంటలకోసారి తనిఖీ చేసిన వెంటనే విమానాలకు మరమ్మతులు పెరుగుతున్నాయని తేలింది. అవసరం లేకుండా విప్పడమే అందుకు కారణం. తనిఖీల మధ్య వ్యవధి పెంచారు. అర్సుకోవడానికి కూడా ఒక హద్దుంది. పిల్లల్ని పెంచేవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ హెల్పరు పిల్లవాడు ఆరు నెలలకు కర్ర లేకుండా నడిచాడు. కొద్దిగా కుంటు మిగిలింది. మళ్లీ పనికి వస్తానన్నాడు. నాకే ధైర్యం చాలలేదు. వాడు మాత్రం, "సారూ, గ్రీజు గన్ను నాకియ్యుండ్రి. నేను ఆపమన్ననాడు బండి ఆపాలె" అన్నాడు. అంతకంటె న్యాయమైన షరతు నేను వినలేదు. అప్పటినుంచి గంటల పుస్తకం వాడి చేతిలోనే ఉంది. పసుపు రాసిన పుస్తకం దేవుడి దగ్గర నుంచి వాడి సంచిలోకి దిగింది. చదవడం రాని చోట మా అమ్మాయి అర్థం చెప్పింది.

2024 ఆగస్టు 31 రాత్రి మానుకోటలో కురిసిన వాన మా ఇంట్లో ఎవరమూ మరచిపోలేము. తెల్లవారేసరికి ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కొన్ని రోజులపాటు రాత్రింబగళ్లు మనుషులూ యంత్రాలూ పనిచేస్తేగాని రైళ్లు కదలలేదు. ఆ ఉదయం తమ్ముడి బండి మానుకోట దగ్గరే ఒక పనిలో ఉంది. పక్క ఊరికి పోయే దారిలో చెట్లూ మన్నూ అడ్డం పడ్డాయని, అవతల పురిటినొప్పుల మనిషి ఉందని కబురు వచ్చింది. రాత్రంతా వానలో తడిసిన బండి. తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. గంటన్నరలో దారి తెరుచుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తమ్ముడు ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. వాడేమో గంటల పుస్తకంలో గంటన్నర రాసుకుంటున్నాడు.

నిన్న రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, పొద్దుగాల మంచి పనున్నది గని, పుస్తకం ప్రకారం బండి ఆపాలంటున్నడు వీడు. మొన్ననే కిస్తీ నోటీసు వచ్చింది. ఏం జెయ్యమంటవు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నోటీసు అనగానే లోపల ఆ పాతమనిషి ఇంకా కదులుతున్నాడు. కాసేపటికి గొంతు సర్దుకుని, "వాడు చెప్పినట్టు చెయ్యిరా. ఆపు" అన్నాను.