అవ్వకు ఓటీపీ పాఠం

ఏమప్పా, ఇట్లా గోడ కాడికి రా, ఒక ముచ్చట చెప్తా. మన కలకడ పక్క ఇప్పుడు పెద్ద అయ్యోర్లు ఎవరో తెల్సునా? తొమ్మిదో, పదో చదివే పిల్లోళ్లు! బళ్లో కాదబ్బా, ఇంట్లో పెద్దోళ్లకు ఫోను నేర్పేదాంట్లో.

2022 డిసెంబరులో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లోళ్లకు పాఠాలు నింపిన ట్యాబులు పంచినారు గదా. పాఠాలు ఎంతమంది విన్నారో వాళ్లనే అడగాల. వాటిల్లో ఆటలెట్లా ఎక్కించాలో మాత్రం ఎవురూ చెప్పకనే వచ్చేసింది. తిట్టొద్దులే, చదువు మొదలయ్యేది అక్కడే.

ఇదంతా కొత్త అనుకుంటున్నావా? 2002లోనే కుప్పంలో హెచ్‌పీ కంపెనీ ‘ఐ-కమ్యూనిటీ’ అని పెట్టింది. జనాల కోసం కంప్యూటర్ కేంద్రాలు తెరిచినారు. నాకు నచ్చింది అది కాదు. పొదుపు సంఘం ఆడోళ్ల చేతికి డిజిటల్ కెమెరా, ఎండతో నడిచే ప్రింటరు ఇచ్చినారు చూడు, అదీ! గుర్తింపు కార్డుకో, పెండ్లికో ఫోటో తీసేది, అక్కడికక్కడే చేతిలో పెట్టేది, దుడ్లు కొంగున కట్టేది. దుడ్లొస్తాయంటే ఏ మిషనైనా అర్థం కాకుండా పోతాదా?

ఆ తర్వాత 2017లో కేంద్రం పల్లెల్లో ఇంటికొకరికి కంప్యూటర్, ఫోను నేర్పే పథకం పెట్టింది. 20 గంటల పాఠం, ఆపైన పరీక్ష. వయసు 14 నుంచి 60 లోపలంట. 60 దాటినోళ్లు ఏం పాపం చేసినారప్పా?

మా వీధి అవ్వకు అందుకే మనవడే గతి. “ఓటీపీ ఎవురికీ చెప్పగూడదవ్వా” అన్నాడు వాడు. “మరి నువ్వు అడిగితివి గదరా ఇప్పుడే?” అనింది అవ్వ. పిల్లోడు నోరెత్తలా. మార్కులేస్తే అవ్వకే నూటికి నూరు.

పిల్లోళ్లకూ ఫోనుతోనే పని పడింది. 2025 జనవరిలో సర్కారు వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ వచ్చినాక పదో తరగతి హాల్ టికెట్ కూడా వాట్సాప్‌లోకే దిగింది. ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ మీద కూర్చునే బళ్లకు ఇది గిట్టుతాదా, నువ్వే చెప్పు.

ఇంగ అవ్వ సంగతి. మదనపల్లె మండీలో టమోటా రేటు వాట్సాప్‌లో ఎవురో గొంతుతో చెప్పి పెడతారు, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటాది. సాయంత్రం కొడుకు ఇంటికొచ్చి రేటు తగ్గించి చెప్పినాడంటే, పెట్టెకెంత మిగుల్చుకున్నాడో వేళ్ల మీద లెక్క తీస్తాది. ఈ కొత్త చదువంటే ఆ ఇంట్లో కొడుకు ఒక్కడికే మంట.