గదితో పాటు భోజనానికీ ముందే కట్టాలా?

హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో అమెరికా నుంచి వచ్చినవాళ్లం హోటల్ ఊసే ఎత్తేవాళ్లం కాదు. విమానం దిగితే ఊరి నడుమ దిగినట్టే. బాబాయో మేనమామో కారు తెచ్చేవారు, కాసేపటికల్లా వాళ్లింట్లో కాఫీ తాగుతూ కూర్చునేవాళ్లం. 2008 మార్చి 23 నుంచి విమానాలు శంషాబాద్‌లో దిగుతున్నాయి. 2009 అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, దారి సులువైంది. అయినా కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో ఉన్న చుట్టాన్ని అర్ధరాత్రి అంతదూరం రమ్మనడానికి మనసొప్పదు. పైగా ఇప్పుడు పెళ్లిళ్లే ఇటువైపు వచ్చేశాయి. శంషాబాద్ చుట్టుపక్కల కన్వెన్షన్ హాళ్లలో, ఫాంహౌసుల్లో ముహూర్తాలు పెడుతున్నారు. దాంతో న్యూజెర్సీ నుంచి మేము, కర్నూలు నుంచి అమ్మానాన్నలు ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లోనే కలుసుకోవడం అలవాటైంది. కర్నూలు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే జడ్చర్ల, షాద్‌నగర్ దాటాక హైదరాబాద్ కంటే ముందు తగిలేది శంషాబాదే కాబట్టి వాళ్లకూ అదే వీలు.

గది బుక్ చేసేటప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. గది ఒక్కటే కావాలా, పొద్దుటి టిఫిన్‌తో కలిపా, టిఫిన్‌తో పాటు ఒకపూట భోజనమా, మూడు పూటలా? హోటల్ వాళ్లు వీటిని వరుసగా ఈపీ, సీపీ, ఎంఏపీ, ఏపీ అంటారు. ఈమధ్య మామయ్య కూతురి పెళ్లికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న దగ్గర నేనూ మా ఆవిడా చాలాసేపు ఆగిపోయాం. ఫోన్‌లో ఉన్న రిజర్వేషన్ అమ్మాయి ఎంఏపీ తీసుకోమని మరీమరీ చెప్పింది. "విడిగా తింటే చాలా అవుతుంది సార్" అంది. విడిగా తింటే ఎక్కువవుతుందన్నది నిజమే. కానీ మనం అన్ని పూటలూ అక్కడే తింటామా అన్నది ఆ అమ్మాయికి తెలియదు, మనకే తెలియాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. రాత్రి భోజనానికి ముందే కడితే మనిషికి 1,500, అప్పటికప్పుడు తింటే 1,800, పిల్లలకు అందులో సగం అనుకుందాం. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడు రాత్రులు. ముందే కడితే 22,500. రోజూ అక్కడే తిని విడిగా కడితే 27,000. అంటే 4,500 మిగులు. ఇప్పుడు ఆ మూడు రాత్రుల్లో ఒకటి పెళ్లి భోజనానికి పోయిందనుకోండి. మిగిలిన రెండు రాత్రులకూ విడిగా కట్టినా 18,000తో సరిపోయేది. మనం కట్టింది 22,500. ఒక్క పూట తప్పితే చాలు, 4,500 లాభం కాస్తా 4,500 నష్టమవుతుంది. హోటల్ వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. ఎంతమందికి వండాలో ముందే తెలుస్తుంది, డబ్బు ముందే చేతికొస్తుంది, తినకుండా వదిలేసిన పూటలన్నీ వాళ్లకు మిగులు.

అమెరికాలో మన కుటుంబాల మధ్య ఈ చర్చ ప్రతి సెలవుల ముందూ నడుస్తుంది. ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ డైనింగ్ ప్లాన్ 2020లో కరోనాతో ఆగి, 2024 జనవరి 9న మళ్లీ మొదలైంది. అక్కడి నియమాలు గట్టివి. ఒక గదిలో మూడేళ్లు దాటినవాళ్లందరూ ఒకే ప్లాన్ తీసుకోవాలి, ఒకరికి తీసుకుని ఒకరికి మానేయడం కుదరదు. మిగిలిన క్రెడిట్లు గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికి రద్దయిపోతాయి. అన్నిటికంటే మనం గమనించాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ చాలా రెస్టారెంట్లలో పూటకో క్రెడిట్ లెక్క. ఖరీదైన మాంసం వంటకం తిన్నా, ఆకుకూరల గిన్నె తిన్నా తీసుకునేది అదే క్రెడిట్. కాబట్టి శాకాహారులకు ఆ ప్లాన్ గిట్టుబాటు కావడం కష్టం. రైస్ కుక్కరూ, పులిహోర పొడీ, ఆవకాయ సీసా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లే మన కుటుంబాలు ఊరికే వెళ్లడం లేదు. శంషాబాద్ బఫేలోనూ సూత్రం ఇదే. మటన్ బిర్యానీ, చేపల వేపుడు తినేవాడికీ, పప్పన్నం పెరుగన్నంతో లేచిపోయే మా అమ్మకూ ధర ఒక్కటే.

ముందే డబ్బు కట్టి తినడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో చదువుకున్న నా తరానికి మెస్సు టికెట్ల పుస్తకం గుర్తుండే ఉంటుంది. నెల మొదట్లో కడితే చిన్న పుస్తకం చేతికిచ్చేవారు, పూటకో టికెట్ చింపి ఇచ్చేవాళ్లం. పండక్కి ఊరెళితే ఆ టికెట్లు మిగిలేవి, తిరిగొచ్చాక వాడుకునేవాళ్లం. ఊరి నుంచి స్నేహితుడొస్తే ఇంకో టికెట్ చింపితే వాడికీ భోజనం. తినేవాడి జీవితం ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లు పెట్టిన పద్ధతి అది. హోటల్ ప్లాన్‌లో ఆ వెసులుబాటు ఉండదు. ఈ రాత్రి తినకపోతే రేపు రెండు ప్లేట్లు పెట్టరు, మన పూట చుట్టానికి ఇవ్వనివ్వరు.

ఎన్నారై కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది వేళల దగ్గర. విదేశాల నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య శంషాబాద్‌లో దిగుతాయి. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. తెల్లవారుజామున నాలుగింటికి గది కావాలంటే ముందు రాత్రి నుంచే అద్దె కట్టాలి. ఎంఏపీ తీసుకుంటే ఆ రాత్రి భోజనానికీ కట్టినట్టే. ఆ భోజనం వడ్డిస్తున్న వేళకు మనం అరేబియా సముద్రం మీద ఎక్కడో ఉంటాం. తిరుగు ప్రయాణంలోనూ ఇంతే. విమానం అర్ధరాత్రి దాటాక, గది ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నానికల్లా, ఆ సాయంత్రం భోజనం ప్లాన్‌లో ఉండదు. రెండు చివరలా రెండు రాత్రులు ఇలా పోతే మధ్యలో మిగిలేవి పెళ్లి రోజులు. ఇక పిల్లల సంగతి. పగలు రాత్రులు తారుమారై వాళ్లకు ఆకలేసేది రాత్రి రెండింటికి. ఆ వేళకు బఫే ఉండదు, రూమ్ సర్వీసు చాలాచోట్ల ప్లాన్‌లోకి రాదు. మా ఆవిడ గదిలోని కెటిల్‌లో వేడినీళ్లు కాచి, ఇంటి నుంచి తెచ్చిన వేయించిన అటుకులు, పాలపొడితో ఆ రాత్రులు గట్టెక్కించింది.

డబ్బు లెక్క ఇంతవరకే. దీనికంటే పెద్ద సంగతి ఇంకోటుంది.

మా నాన్న హోటల్లో మెనూ చేతికిస్తే ముందు కుడివైపు చూస్తారు. ధరలు చదివాక వంటకాల దగ్గరికొస్తారు. అమ్మ అసలు చదవదు, నాన్న మొహం చూస్తుంది. గతంలో ఒకసారి టిఫిన్ లేని గది తీసుకున్నప్పుడు ఇద్దరూ కాఫీతో సరిపెట్టుకున్నారు. "ఒక ఇడ్లీకి ఇంతా? మన వీధిలో ఆ డబ్బుకు ఇంటిల్లిపాదీ ఉగ్గాని బజ్జీ తినొచ్చు. నాకు ఆకలి లేదులే నాయనా, మీరు తినండి" అంది అమ్మ. ఎంత బతిమాలినా వినలేదు. నేను అక్కడ ఎంత సంపాదిస్తున్నానో వాళ్లకు తెలుసు, ఆ డబ్బు నాకు భారం కాదనీ తెలుసు. అయినా మింగుడు పడదు. కరువు సీమలో పిల్లల ఫీజుల కోసం కాఫీ కూడా మానుకున్న మనుషులు వాళ్లు.

ఈసారి టిఫిన్ గది అద్దెలోనే ఉంది. "దీనికి వేరే డబ్బు లేదమ్మా, మనం తిన్నా తినకపోయినా ఒకటే" అని చెప్పాను. అంతే. ఇద్దరూ ప్లేట్లు పట్టుకుని వరస మొత్తం చూసి వచ్చారు. అమ్మ ఇడ్లీ, ఉప్మా, బొప్పాయి ముక్కలు తెచ్చుకుంది, సాంబారులో బెల్లం వేశారని పేరు పెట్టింది, రెండో కాఫీ కూడా అడిగింది. పెళ్లి హడావుడిలో, చుట్టాల గుంపులో మాకు దొరకని తీరిక ఆ టిఫిన్ బల్ల దగ్గర దొరికింది. పొలం కౌలు సంగతి, నాన్న కంటి ఆపరేషన్ వాయిదా సంగతి, ఇన్నాళ్లూ ఫోన్‌లో నాకు చెప్పనివన్నీ అక్కడే బయటికొచ్చాయి. ఆ గంటన్నరకు నేను ఎంత కట్టడానికైనా సిద్ధం. ధర కళ్లముందు లేకపోవడం వల్లే వాళ్లు అంతసేపు కూర్చున్నారు. ఈ ఒక్క కారణానికే టిఫిన్ ప్లాన్ తీసుకోవాలంటాను.

మరి రాత్రి భోజనానికీ ఇదే మాట చెల్లదా అని మా ఆవిడ అడిగింది. చెల్లదు. నాన్నకు షుగరు. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, ఏదో ఒక కూర, మజ్జిగ. అమ్మ వాటిని మూటగట్టి తెచ్చే ఉంటుంది. డబ్బు కట్టేశామని తెలిస్తే ఆయన ఆ రొట్టెలు పక్కన పెట్టి, "కట్టింది వదిలేస్తే ఎట్ల?" అంటూ బిర్యానీ, డబుల్‌కా మీఠా దగ్గరికి నడుస్తారు. అన్నం పారేయడమంటే ప్రాణం పోయినట్టుండే తరం కదా. శనివారం అమ్మకు ఒక్కపొద్దు, రాత్రి రెండు అరటిపండ్లతో సరి. ఆమె పేరు మీద కట్టిన డబ్బు తలుచుకుని ఆమే బాధపడుతుంది. పొద్దున వాళ్లను తేలికపరిచిన ప్లానే రాత్రి వాళ్ల మీద బరువు పెడుతుంది.

ఇక చుట్టాలు. మా పిన్ని అత్తాపూర్‌లో ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే, ఎయిర్‌పోర్టు నుంచి ఎంతోసేపు పట్టదు. మేము హోటల్లో దిగామని తెలియగానే ఫోన్ చేసి, "మేమింకా బతికే ఉన్నాం కదరా, హోటల్ తిండి ఎందుకు?" అంది. గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, పెరుగు వడలు చేసి పెట్టింది. రాత్రి పదకొండు దాకా కదలనివ్వలేదు. ముందే కట్టేసి ఉంటే ఆ ఫోన్‌కు మనం చెప్పే జవాబేమిటి? "హోటల్లో కట్టేశాం పిన్నీ, అక్కడే తినాలి" అనా? ఏళ్ల తర్వాత వచ్చినవాడి నోట ఆ మాట ఏ పిన్నీ వినకూడదు. మనం సముద్రాలు దాటి వచ్చేది ఆ వంటింటి గడప తొక్కడానికే. రాత్రి పూటలు చుట్టాలవి. వాటిని హోటల్‌కు ముందుగా రాసివ్వకండి.

మధ్యాహ్నాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం చూడాలంటారు, అమ్మపల్లి రాములవారి గుడికి వెళదామంటారు. భోజనం వేళకు హోటల్‌కు చేరడం కలే.

హోటల్ ఎక్కడుందన్నదీ చూసుకోవాలి. ఎయిర్‌పోర్టు స్థలం దాదాపు 5,500 ఎకరాలు. ఆ ఆవరణలోని హోటల్లో దిగితే బయటికి నడిచి టిఫిన్ తినే వీలుండదు, కాబట్టి టిఫిన్ కలిపి తీసుకోవడమే మేలు. పాత శంషాబాద్ ఊరివైపు, హైవే పక్కన దిగితే పొద్దున్నే వేడివేడి పూరీ, దోసె వేసే టిఫిన్ సెంటర్లు అందుబాటులో ఉంటాయి. పెద్దవాళ్లు వెంట లేకపోతే అక్కడ ప్లాన్ అవసరం తక్కువ.

పన్ను సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. భోజనం కలిపిన ధర చెప్పినప్పుడు పన్నుతో సహా మొత్తం ఎంతో అడిగి రాయించుకోండి. సర్వీసు చార్జి బిల్లులో తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. ప్లాన్‌లో అది కలిసి ఉందేమో కూడా అడగవచ్చు.

శంషాబాద్‌లో దిగే ప్రవాస కుటుంబాలకు నేను చెప్పేది ఇదీ. అమ్మానాన్నలు వెంట ఉంటే టిఫిన్‌తో గది తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. రాత్రి భోజనానికి ముందే కట్టకండి. ఎప్పుడైనా తినాల్సి వస్తే ఆ పూటకు ఆ పూట కట్టుకోవచ్చు. ఆ బిల్లు మాత్రం వాళ్లకు చూపించకండి.