చంద్రమతికి వన్స్‌మోర్ లేదు

పద్యనాటకానికి మగవాళ్లు పద్యం కోసం వెళ్తారనీ, ఆడవాళ్లం కథ కోసం వెళ్తామనీ అంటే నాకు ఊళ్లో నీళ్లు పుట్టవేమో! కాని భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో ఒక్క రాత్రి చాపేసుకుని కూర్చుని చూడండి. సంగతి మీకే తెలుస్తుంది.

సంక్రాంతికి మొదలై నెల పైచిలుకు సాగే సంబరం అది. ఆ రాత్రి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం. నా వెంట మా దొడ్డమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నాటకం ఆవిడకి మొదటినుంచి చివరిదాకా నోటికొచ్చు. కాని కాటిసీను మాత్రం ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు! వారణాసి సీను అవగానే మా పెదనాన్న గారు మగవాళ్ల వైపునుంచి కబురంపేవారట, "ఇహ లేవండి, పొద్దున్నే పనులుంటాయి" అని. పనులు ఆడవాళ్లకే లెండి. ఆయన వీళ్లని ఇంట్లో దిగబెట్టి, మళ్లీ వచ్చి మంగళం పాడేదాకా కూర్చునేవారు. మిగతా కథంతా దొడ్డమ్మ డి.వి. సుబ్బారావు గారి రికార్డుల్లో విన్నదే.

"పిల్లాణ్ణి ఎలా ఎత్తుకొస్తుందో, ఎక్కడ దింపుతుందో వింటే తెలుస్తుందా అమ్మాయ్?" అంది రిక్షా దిగుతూ.

తొమ్మిదిన్నర అన్న నాటకం పదిన్నరకి మొదలైంది. మైకు కుయ్యోమంది. యనమదుర్రు కాలువ దోమలు మాకంటే ముందే వచ్చి కూర్చున్నాయి. ఈ నాటకాల్లో ఒక రాత్రికి ముగ్గురు హరిశ్చంద్రులుంటారు కదా. రాజ్యం ధారపోసిన మొదటాయనకి నిండైన బొజ్జ, కాశీలో భార్యనమ్ముకున్న రెండో ఆయన వెదురుబద్ద. నా పక్కనున్న పసివాడు "ఈయనెవరమ్మా?" అంటే వాళ్లమ్మ తడుముకోకుండా, "ఆయనేరా, అడవుల్లో తిరిగి చిక్కిపోయాడు" అంది. విమర్శకులెవరూ ఇంత చక్కగా సమర్థించలేరు.

అయితే ఆ వెదురుబద్ద గొంతెత్తాడూ, నా వెటకారమంతా ఎటుపోయిందో తెలీదు. హార్మోనియం ఒక మెట్టెక్కితే తను రెండెక్కుతాడు. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. 'వన్స్‌మోర్' అని కేక. మళ్లీ పాడాడు. ఎవరో వెళ్లి చొక్కాకి నోటు గుచ్చారు, మైకులో పేరు చదివారు. మూడోసారి పాడేసరికి పద్యం వెళ్లిపోయి రాగం మిగిలింది. ఏలూరు బందా కనకలింగేశ్వరరావు గారు రాగం భావాన్ని మింగేయకూడదనేవారు. వన్స్‌మోర్ కొట్టేవాళ్లకి అది చెప్పేదెవరు?

తర్వాత నక్షత్రకుడొచ్చి అప్పు వసూలు చేసే మిషమీద ముప్పావుగంట సెల్‌ఫోను హాస్యం నడిపాడు. దాన్ని గురించి ఇంతకంటే రాయను.

కాటిసీను వచ్చేసరికి మూడు దాటింది. సగం చాపలు ఖాళీ. మూడో హరిశ్చంద్రుడు జాషువా గారి శ్మశాన పద్యాలెత్తుకున్నాడు. అవి నాటకంలోవేనని చాలామంది అనుకుంటారు గాని, జాషువా గారు విడిగా రాసుకున్న పద్యాలవి, ఈ సీనులో కలిసిపోయాయి. వన్స్‌మోర్‌లే వన్స్‌మోర్‌లు!

మేం కూర్చున్న వైపునుంచి పక్కతెర సందు కనిపిస్తోంది. అక్కడ చంద్రమతి నిలబడి ఉంది. భుజం మీద ఏడెనిమిదేళ్ల లోహితుడు, నిజంగానే నిద్రపోతున్నాడు. ఒక వన్స్‌మోర్ అయింది, పిల్లాణ్ణి కుడిభుజానికి మార్చుకుంది. రెండోది అయింది, ఎడమభుజానికి మార్చుకుంది. ఒకప్పుడు ఈ వేషం మగవాళ్లే కట్టేవారు. 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారు మొదట రంగమెక్కింది చంద్రమతిగానే, అదీ వెయ్యాల్సిన మనిషి రాకపోతే! ఆయనకీ ఇలాగే భుజాలు లాగేసి ఉంటాయా అనుకున్నాను.

చివరికి వచ్చింది. పిల్లాణ్ణి దించేముందు కొంగు మడిచి, తల కిందకి వచ్చేలా బల్లల మీద పరిచింది. దొడ్డమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇదుగో, ఇది రికార్డులో లేదు" అంది.

ఏడుపు అందుకుందో లేదో, మైకులో "దారికడ్డంగా పెట్టిన తెల్లకారు తీయవలెను" అని ప్రకటన. అది ముగిసిందో లేదో, చచ్చిపోయిన లోహితుడు చెయ్యెత్తి టప్పుమని దోమని కొట్టుకున్నాడు! జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం పద్యం ఆపలేదు. గాల్లో ఉన్న ఆ చేతిని అలాగే రెండు చేతుల్లోకి తీసుకుని, గుండెకి అదిమిపెట్టుకుని పాడింది. నవ్వులు ఆగిపోయాయి. దోమలు వాలుతూనే ఉన్నాయి గాని ఆ చెయ్యి మళ్లీ కదల్లేదు.

పద్యం అయిపోయింది. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. బిడ్డపోయిన తల్లిని మళ్లీ ఏడవమనడం ఎందుకని కాబోలు అందామంటే, అంత సున్నితమే ఉంటే కాటికాపరిని మూడుసార్లు పాడించరు.

కత్తి పూలదండై, శివుడు ప్రత్యక్షమై, మంగళం పాడేసరికి పాలకొల్లు మొదటి బస్సు హారను వినిపించింది. దొడ్డమ్మ తిన్నగా తెర వెనక్కి నడిచింది. చంద్రమతి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. లోహితుడు ఆవిడ సంచీ మీదే పడి నిద్రపోతున్నాడు. దొడ్డమ్మ రొంటినుంచి వందకాగితం తీసింది.

"పేరు చెప్పండమ్మా, మైకులో చదువుతాం" అన్నాడో కుర్రాడు.

"నా పేరెందుకు నాయనా. చంద్రమతికి అని చదువు."

"మైకు కట్టేశారండి" అన్నాడు.

దొడ్డమ్మ ఆ కాగితం మడిచి ఆవిడ గుప్పిట్లో పెట్టి, "వాడు నీ కొడుకేనా?" అంది.

"కాదండి. ఇందాకే చూశానండి వాణ్ణి" అందావిడ.