కాగితపు చిత్రాలు – జలశోధనం

నూనె నుండి, నీటి నుండి, సడలిన కట్టు నుండి గ్రంథాన్ని కాపాడవలసిందని, మూర్ఖుని చేతికి ఇవ్వరాదని లేఖకులు ప్రతుల చివర చేసుకొన్న విన్నపం విజ్ఞులకు సుపరిచితమే. ఆ సంప్రదాయంలో పెరిగిన మనకు కాగితపు చిత్రాన్ని నీట కడగవచ్చుననే మాట విపరీతంగా తోస్తుంది. నాకూ అట్లే తోచింది.

మా అచ్యుతాపురం సముద్రానికి చేరువలోనిది. ఇక్కడి తేమకు పటం కట్టిన కాగితాలపై గోధుమరంగు మచ్చలు పడుతూ ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని దాటినప్పుడు బంధువుల ఇంట నీటిరంగుల చిత్రమొకటి తడిసింది. కడిగితే మచ్చ పోతుందా అని వారు నన్ను అడిగారు. ఆ ప్రశ్న వెంట తెలిసికొన్న విషయాలనే ఇక్కడ మనవి చేస్తున్నాను.

కాగితం ముదిరేకొద్దీ దానిలో ఆమ్లం పెరుగుతుంది. యంత్రపు కాగితానికి పట్టించిన పటిక అందుకొక ముఖ్యకారణం. ఆ పసుపుదనంలో కొంత నీట కరిగేదే. కడిగితే ఆమ్లం తరిగి, పీచుకు కొంత పటుత్వం చేకూరుతుంది. కాని చిత్రంలోని రంగు కూడ నీట కరగవచ్చు. బెంగాలు శైలి ‘వాష్’ చిత్రకారుడు గీస్తూనే కాగితాన్ని పలుమార్లు నీట ముంచుతాడు. అంతమాత్రాన దశాబ్దాల పిమ్మట మనమూ ముంచవచ్చునని కాదు. చివర దిద్దిన రంగులు నీటిని ఎరిగినవి కావు.

కనుక ముందు పరీక్ష. ప్రతి రంగుపైనా కంటికానని చోట సూదిమొనంత నీటిబొట్టు ఉంచి, అద్దుడు కాగితంతో ఒత్తి చూడాలి. మా బంధువుల చిత్రంలో ఎరుపు అంటుకొన్నది. నిపుణుల సలహాపై కడగలేదు. వెనుకనున్న పుచ్చిన అట్టను మాత్రమే మార్చాము. మచ్చ మిగిలింది, ఎరుపూ మిగిలింది.

పరీక్షకు నిలిచినదానిని సైతం కుళాయినీట ముంచరాదు. శుద్ధజలంలో కొద్దిగా కాల్షియం చేర్చుతారు. అయితే ప్రషియన్ నీలం క్షారానికి చెడుతుంది. తడికాగితం తన బరువుకే చిరుగుతుంది కనుక ఆధారపు గుడ్డతోనే దించి, ఎత్తాలి. ఎండలో కాక, అద్దుడు కాగితాల నడుమ తేలికైన బరువు కింద ఆరనివ్వాలి.

వ్రాతప్రతుల విషయంలో జాగ్రత్త ఇంకా అధికం. మసి కరగకపోయినా దానిని పట్టి ఉంచిన జిగురు కరుగుతుంది. అన్నభేది, మాచికాయలతో చేసిన సిరాలోని ఇనుము తడితో చుట్టూ వ్యాపించి కాగితాన్ని తినివేస్తుంది. లేఖకుడు హరితాళం పూసి దిద్దిన చోటు కరిగితే పాఠపరిష్కర్తకు సాక్ష్యమే నశిస్తుంది. మనకు మురికిగా కనిపించినది ఒక్కొక్కప్పుడు చరిత్ర.

శోధన మనగా శుద్ధి అని సంస్కృతార్థం, పరీక్ష అని తెలుగు వ్యవహారం. కాగితం విషయంలో రెండవ అర్థమే ముందు నడవాలి. నీటికంటె మూర్ఖహస్తమే గ్రంథానికి పెద్ద భయమని లేఖకుడు ఎరుగును.