పలుకుబడికి పటం కట్టబోయి

మనిషికి మాట దొరికినంత సులభంగా ఆ మాటలోని వస్తువు దొరకదు. ఈ సంగతి మేము గ్రంథాలు చదివి తెలుసుకొన్నది కాదు. గడచిన మాఘ ఫాల్గుణాలలో ఎర్రుపాలెం పరిసరాలలో కాళ్ళరిగేటట్లు తిరిగి తెలుసుకొన్నది. కాళ్ళరిగేటట్లు తిరగడం కూడ ఒక జాతీయమే కదా అని తోడి విద్యార్థులు నవ్వవచ్చును. నిజమే. నోరు తెరిస్తే జాతీయం దొర్లకుండ మన మాట సాగదు. ఆ కారణంచేతనే మాకు ఈ ఆలోచన కలిగింది.

వార్షికోత్సవంలో ఏదైనా ఒక ప్రదర్శన పెట్టవలెనని మేము నలుగురము కూర్చొని ఆలోచించాము. మాలో ఇద్దరి ఇంటి భాష తెలుగు, ఇద్దరిది ఉర్దూ. తెలుగులో జాతీయమన్నా, ఉర్దూలో ముహావరా అన్నా వస్తువు ఒకటే. సామెత పూర్తి వాక్యం. అది బుద్ధి చెబుతుంది. జాతీయం వాక్యంలో ఒక ముక్క. దానిలోని పదాల అర్థాలను విడివిడిగా కూడితే అసలు అర్థం రాదు. ఆ విడి పదాల అర్థాన్నే ఛాయాచిత్రంగా తీసి, క్రింద రెండు లిపులలోను పేరు వ్రాస్తే ఎట్లా ఉంటుందో చూడవలెనని మా కుతూహలం.

ఇది మేము కనిపెట్టిన వింత కాదు. పీటర్ బ్రూగెల్ అనే చిత్రకారుడు 1559లో తన దేశపు సామెతలను, నుడికారాలను ఒకే పటంలో, ఒకే ఊరి జనం చేసే పనులుగా చిత్రించాడు. ఆ పటం నేడు బెర్లిన్ చిత్రశాలలో ఉన్నది. మన వైపు చూస్తే, 1868లో కెప్టెన్ కార్ అనే దొర తెలుగు సామెతలను ప్రోగుచేసి మద్రాసులో అచ్చు వేయించాడు. హైదరాబాదులో ఆరవ నిజాము కొలువులో ఛాయాచిత్రకారుడుగా ఉన్న రాజా దీన్‌దయాళ్‌కు దక్కిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఇంతటి వారి పేర్లు తలచుకొని మేము బయలుదేరాము. మా సాధనం మాత్రం మాలో ఒకని అన్నగారి సెల్‌ఫోను!

మొదటి చిత్రం జమలాపురం గుట్ట దగ్గర కుదిరింది. ఎర్రుపాలెం మండలంలోని ఆ ఊరిని వేంకటేశ్వరస్వామి ఆలయం వలన చిన్న తిరుపతి అని పిలుస్తారు. గుట్ట దూరాన కనబడే చోట నిలిచి, కెమెరాకు జానెడు దూరంలో బొటనవ్రేలు పట్టి చూచాము. గుట్ట అంతా గోటి చాటున దాగిపోయింది. గోరంతలు కొండంతలు చేయడమంటే ఇదే కదా! కంటికి దగ్గరగా పెట్టుకొన్న చిన్నది, దూరాన ఉన్న పెద్దదాన్ని మింగివేస్తుంది. ఆ ఉదయమే ఇద్దరు మిత్రులు రైలులో కిటికీ పక్క సీటు కోసం కీచులాడుకొని ముఖాలు చాటు చేసుకొని ఉన్నారు. చిత్రం చూచి వారే ముందు నవ్వారు.

పాలపొంగు మమ్మల్ని ఏడిపించింది. కాజీపేట నుండి విజయవాడ పోయే రైలుమార్గంలో ఉన్నది ఎర్రుపాలెం స్టేషను. దాని సమీపంలోని టీకొట్టు యజమానిని బ్రతిమాలుకొని పొయ్యి ముందు కాపు వేశాము. మూడుసార్లు ప్రయత్నించాము. ఒకసారి రెప్పపాటు ముందు, ఒకసారి రెప్పపాటు వెనుక. మూడవసారి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. "కోపాన్ని పాలపొంగుతో ఎందుకు పోల్చారో తెలిసిందా బాబూ? పొంగేటప్పుడు చూడాలి, పట్టుకోవాలని చూడగూడదు" అన్నాడాయన. గిన్నెలో మిగిలిన పాలతోనే టీ కాచి ఇచ్చాడు. గూడ్సు బండి పోతూంటే బల్ల మీది గ్లాసులు సన్నగా వణికాయి. చిత్రం దొరకకపోయినా ఆ టీ రుచి దొరికింది.

అడకత్తెరలో పోకచెక్క కోసం మిత్రుని ఇంటికి వెళ్ళాము. వాళ్ళ దాదీ పాన్‌దాన్ తెరిచి, సరోతాలో పోకచెక్క పెట్టి పట్టుకొన్నారు. మేము వెలుతురు చాలలేదని ఒకసారి, చేయి అడ్డు వచ్చిందని ఒకసారి, కదిలారని మరొకసారి ఆమెను ఆపుతూ వచ్చాము. "బేటా, ఇందులో ఇరుక్కొన్నది పోకచెక్క కాదు, నేను!" అన్నారు దాదీ. ఇల్లంతా నవ్వు. తరువాత మా నలుగురికీ తలా ఒక తమలపాకు చిలక చుట్టి ఇచ్చారు. మా ప్రదర్శనలో అది రెండవ చిత్రం.

గానుగెద్దు దొరకలేదు. ఉర్దూలో కోల్హూ కా బైల్ అంటారు. రెండు భాషలూ ఆ ఎద్దును భద్రంగా దాచుకొన్నాయి. మేము తిరిగిన ఊళ్ళలో మాత్రం గానుగ లేదు, ఎద్దూ లేదు. నూనె ఆడేది కరెంటు మిల్లు. ఎద్దుకు విశ్రాంతి దొరికినందుకు సంతోషించాము. చిత్రం దొరకనందుకు విచారించాము.

కడుపులో చల్ల కదలకుండ అన్నదానికి కష్టపడవలసిన పని లేకపోయింది. మాలో ఒకడు వేపచెట్టు క్రింద నులకమంచం మీద వెల్లకిల పడుకొని, ఖాళీ గ్లాసు బొజ్జ మీద నిలిపాడు. అందరూ మెచ్చుకొన్నారు.

ఇక నడుము వంచడం మిగిలింది. అది మిరపకోతల కాలం. ఒక చేనిలో ఇరుగుపొరుగు జిల్లాల నుండి వచ్చిన కూలి స్త్రీలు బారులుగా వంగి ఎర్రటి కాయలు కోస్తున్నారు. మేము గట్టు మీద నిలిచి, ఒక పెద్దమ్మ వెనుక నుండి చిత్రం తీశాము. వంగిన నడుము, ముందు ఎర్రని చేను. చక్కగా కుదిరిందని మురిసిపోయాము. ఆమె చూడనే చూచింది. కొంగుతో చెమట తుడుచుకొని, "నడుమే తీశారు గదయ్యా, నాకు మొగం లేదా?" అన్నది.

మాలో ఎవ్వరికీ నోట మాట రాలేదు. గోటికి, పాలకు, పోకచెక్కకు పటం కట్టినట్లే ఒక మనిషికి కూడ కట్టబోయాము. జాతీయంలో నడుము మాత్రమే ఉన్నది; అందుచేత మేమూ నడుమునే చూచాము. ఆమె పేరైనా అడగలేదు. తప్పయిందని చెప్పి, ముఖం తీస్తామన్నాము. ఆమె నిటారుగా నిలిచి, కొంగు సవరించుకొని, ఘాటుకు మండే చేతులను వెనుకకు పెట్టుకొని నవ్వింది. ఆ చిత్రం తీశాము.

అది అన్నం వేళ. ఆమె సత్తు క్యాను విప్పి, మేము వద్దంటున్నా మూతలో చల్ల పోసి ఇచ్చింది. "ఎండన పడి వచ్చారు, తాగండి నాయనా" అన్నది. ప్రొద్దుటి నుండి కడుపులో చల్ల కదలని మాకు, ప్రొద్దుటి నుండి నడుమెత్తని ఆమె తన చల్ల పోసింది. ఉప్పు, కాస్త అల్లం వేసిన ఆ పలుచని చల్ల కంటె రుచియైనది మేము ఈ సంవత్సరంలో త్రాగలేదు.

ప్రదర్శనలో పెట్టుకొమ్మని ఆమె ఒప్పుకొన్నది. "నాకూ ఒకటియ్యండి, మా మనమరాలికి చూపిస్తా" అన్నది. తప్పక ఇస్తామన్నాము. పట్నంలో చిత్రం అచ్చు వేయించుకొని మేము మరల ఆ చేనికి వెళ్ళేసరికి కోత ముగిసింది. కాయలు కల్లంలో ఎండుతున్నాయి. కూలీలు తమ ఊళ్ళకు వెళ్ళిపోయారు. వచ్చే కోతకు ఆ ముఠాయే రావచ్చునని రైతు చెప్పాడు.

ప్రదర్శన చూచిన కమిటీ పెద్దలు, చివరి పటం క్రింద ఏ లిపిలోను పేరు లేదేమని అడిగారు. అప్పుడు తడబడి సరిగా చెప్పలేకపోయాము. ఆ నవ్వుకు సరిపోయే జాతీయం కోసం రెండు భాషలూ వెదికాము, దొరకలేదు. దొరకనందుకు ఇప్పుడు మాకు విచారం లేదు. నడుము చిత్రం తీసివేశాము. ఆమెకు ఇవ్వవలసిన ప్రతి ఒకటి కాగితంలో చుట్టి మా దగ్గర ఉన్నది. వచ్చే కోతల నాటికి దానిని పట్టుకొని ఎర్రుపాలెం వెళ్ళవలసి ఉన్నది. ఈసారి ముందుగా ఆమె పేరు అడుగుతాము.